వాడకుండా పెట్టిన పాత హెల్మెట్ ఇంకా పనికొస్తుందా? ఇంట్లోనే చెక్ చేసుకునే పూర్తి పద్ధతి

ఎప్పుడో కొన్నారు, లేదా ఎవరో గిఫ్ట్ ఇచ్చారు, అప్పటికే ఇంకోటి ఉండటంతో ఇది బాక్స్‌లోనే ఉండిపోయింది, ఇప్పుడు ఆరేడేళ్ల తర్వాత బయటికి తీస్తే నిగనిగలాడుతూ కొత్తదానిలాగే ఉంది. పెట్టుకోవచ్చా, వద్దా? ఎవర్నైనా అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు "ఐదేళ్లు దాటింది కదా, పారెయ్" అంటారు, ఇంకొందరు "ఒక్కసారి కూడా తలకి పెట్టలేదు, దానికేమవుద్ది" అంటారు. రెండింట్లోనూ సగం నిజమే ఉంది, అందుకే ఏ ఒక్క మాట పట్టుకుని నిర్ణయం తీసుకున్నా ఇబ్బందే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పాత హెల్మెట్ విషయంలో ఎన్నేళ్లయింది అన్నది మొదటి ప్రశ్న మాత్రమే, అసలైన ప్రశ్న ఆ ఏళ్లన్నీ అది ఎక్కడ ఉంది, పక్కన ఏమున్నాయి, ఎంత వేడి తగిలింది అన్నది. చల్లగా, పొడిగా ఉండే గదిలో బాక్స్‌లో ఉన్న ఆరేళ్ల హెల్మెట్, పెట్రోల్ క్యాన్ పక్కన షెడ్డులో ఉన్న రెండేళ్ల హెల్మెట్ కన్నా చాలా నయం. కానీ అలాగని ఎన్నేళ్లైనా పర్లేదని కాదు, దానికీ ఒక హద్దుంది, అది ఎందుకో కింద వివరంగా రాస్తున్నా. ఇక్కడ రాసేది ముఖ్యంగా మోటార్‌సైకిల్ హెల్మెట్ల గురించి, సైకిల్ హెల్మెట్లలోనూ గుర్రపు స్వారీ హెల్మెట్లలోనూ ఎక్కువగా లోపల ఉండే మెటీరియల్ అదే కాబట్టి చాలావరకు వాటికీ వర్తిస్తుంది.

అసలు వాడకపోయినా హెల్మెట్‌లో ఏం పాడవుతుంది?

ఇది అర్థమైతే మిగతా స్టెప్పులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

బయటి గట్టి డొప్పని షెల్ అంటారు. అది ఏబీఎస్ లేదా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ అయినా కావొచ్చు, ఫైబర్‌గ్లాస్ లేదా కార్బన్ ఫైబర్ అయినా కావొచ్చు. దాని లోపల ఉండేది ఈపీఎస్, అంటే ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్. టీవీ ప్యాకింగ్‌లో వచ్చే థర్మాకోల్ కూడా ఇదే పదార్థం, కాకపోతే హెల్మెట్‌లో వాడేది దానికన్నా చాలా చిక్కగా గట్టిగా ఉంటుంది. తల కాపాడే అసలు పని చేసేది ఇదే. దెబ్బ తగిలినప్పుడు ఈ ఈపీఎస్ నలిగిపోతూ ఆ శక్తిని తను తీసుకుంటుంది, నలిగింది మళ్లీ పైకి లేవదు, అందుకే ఒక్కసారి తలతో సహా గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి ఎంత బాగా కనిపించినా ఇక పనికిరాదు. దాని లోపల మెత్తటి స్పాంజ్ ప్యాడింగ్ ఉంటుంది, అది సౌకర్యానికీ ఫిట్టింగ్‌కీ. తర్వాత గడ్డం కింద స్ట్రాప్, దాని లాక్, ముందు వైజర్, అంచుల్లో రబ్బరు, వీటన్నిటినీ పట్టుకుని ఉంచే జిగుర్లు.

చాలామంది భయపడేది ఈపీఎస్ ఎండిపోయి గట్టిపడిపోతుందని. నిజానికి వీటన్నిట్లో ఎక్కువకాలం నిలబడేది అదే. 2016లో సైకిల్ హెల్మెట్ల మీద ఒక పరిశోధన వచ్చింది, 10 మోడళ్లకి చెందిన 63 హెల్మెట్లు, కొన్ని వాడినవి కొన్ని వాడనివి, 2 ఏళ్ల నుంచి 20 ఏళ్ల వయసు వరకు ఉన్నవి తీసుకుని, లోపలి ఈపీఎస్ ముక్కలు కోసి ఇంపాక్ట్ టెస్ట్ చేశారు. వయసు వల్ల ఆ ఫోమ్ దెబ్బని తీసుకునే గుణంలో తేడా ఏమీ కనిపించలేదు, తేడా వచ్చిందల్లా ఫోమ్ సాంద్రతని బట్టే. ఇది చాలా ధైర్యం ఇచ్చే విషయమే, కానీ జాగ్రత్తగా చదవాలి, వాళ్లు టెస్ట్ చేసింది ఫోమ్ ముక్కల్ని, మొత్తం హెల్మెట్‌ని కాదు, అవి సైకిల్ హెల్మెట్లు కూడా. హెల్మెట్ అంటే ఒక్క ఫోమ్ కాదు కదా, ఫోమ్ ఎంత బాగున్నా స్ట్రాప్ ఊడొస్తే హెల్మెట్ తల మీదే ఉండదు.

మరి ముందుగా పోయేవి ఏంటి? లోపలి స్పాంజ్. అది ఎక్కువగా పాలీయురేథేన్, గాల్లో తేమకి వాడినా వాడకపోయినా నెమ్మదిగా విడిపోతూ ఉంటుంది. బాక్స్‌లో దాచిన షూస్ కొన్నేళ్లకి తీసి వేసుకుంటే సోల్ పొడి పొడిగా రాలిపోవడం చాలామంది చూసే ఉంటారు, ఇది కూడా అదే కెమిస్ట్రీ. తర్వాత జిగుర్లు, ఈపీఎస్‌ని షెల్‌కి అంటించినవి, ప్యాడ్లని పట్టుకున్నవి. తర్వాత అంచు రబ్బర్లు. ప్లాస్టిక్ షెల్, నైలాన్ స్ట్రాప్ ఎండకి పెళుసుబారతాయి, చీకట్లో ఉంటే చాలాకాలం బాగానే ఉంటాయి.

మరి ఆ ఐదేళ్ల లెక్క ఎక్కడిది?

హెల్మెట్లు టెస్ట్ చేసే స్నెల్ ఫౌండేషన్ అని ఒకటుంది, 1957లో మొదలైంది. ఐదేళ్లకోసారి మార్చమని చెప్పేవాళ్లలో వాళ్లు ముఖ్యులు. వాళ్లు చెప్పే కారణాలు చూడండి, తయారీలో వాడే జిగుర్లు, రెజిన్‌ల ప్రభావం లోపలి లైనర్ మీద, అంటే ఈపీఎస్ పొర మీద పడొచ్చు, తలనూనె, చెమట, క్రీములు, రోజూ వాడటం వల్ల వచ్చే అరుగుదల, పెట్రోలియం ఉన్న క్లీనర్లు, పెయింట్లు, వీటితోపాటు ఐదేళ్లలో కొత్త హెల్మెట్లు ఇంకా మెరుగ్గా వస్తుంటాయన్నది. వీటిలో సగానికి పైగా వాడకం వల్ల వచ్చేవే. అంటే మీ హెల్మెట్ నిజంగా ఒక్కసారి కూడా పెట్టుకోకపోతే చెమట, నూనె, అరుగుదల అనే కారణాలు దానికి వర్తించవు, జిగురు, రసాయనాలు, పాతబడ్డ డిజైన్ అనేవి వర్తిస్తాయి.

అరాయ్, షోయి లాంటి కంపెనీలు దీన్ని ఇంకొంచెం స్పష్టంగా చెప్తాయి, వాడటం మొదలుపెట్టిన లేదా కొన్న దగ్గర్నుంచి 5 ఏళ్లు, అయితే తయారైన తేదీ నుంచి 7 ఏళ్లు దాటకూడదు, రెండిట్లో ఏది ముందొస్తే అది. నాకు తెలిసినంతలో వాడని హెల్మెట్లకి ఇదే అన్నిటికన్నా ఉపయోగపడే లెక్క. ఉదాహరణకి 2021 మార్చిలో తయారైంది, మీరు 2025లో మొదటిసారి పెట్టుకున్నారు అనుకోండి, వాడకం లెక్కన 2030 దాకా వస్తుంది, తయారీ లెక్కన 2028 మార్చికే అయిపోతుంది, కాబట్టి 2028. సైకిల్ హెల్మెట్లకైతే అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ 5 నుంచి 10 ఏళ్లలో మార్చమంటుంది.

ఇవన్నీ సలహాలే, చట్టం కాదు. అమెరికా డీఓటీ, యూరప్ ఈసీఈ లాంటి స్టాండర్డ్స్‌లో హెల్మెట్‌కి ఎక్స్‌పైరీ తేదీ అంటూ ఉండదు. కానీ ఆ టెస్టుల్లో ఏం చేస్తారో కూడా తెలుసుకోవాలి, హెల్మెట్‌ని వేడి చేసి టెస్ట్ చేస్తారు, అది సుమారు 50 డిగ్రీల దగ్గర, కొన్ని గంటలపాటే. ఈసీఈలో అల్ట్రావయొలెట్ దీపం కింద 48 గంటలు పెడతారు, తర్వాత నీళ్లు చల్లుతారు. ఇదంతా కొత్త హెల్మెట్‌కి చేసే పరీక్ష, పదేళ్లు ఎక్కడో పడి ఉన్నాక ఎలా ఉంటుందో ఏ స్టిక్కరూ మీకు హామీ ఇవ్వదు. ఆ పని మనమే చేసుకోవాలి, చేద్దాం పదండి.

స్టెప్ 1: తయారీ తేదీ వెతకండి

కొన్న తేదీ కాదు, తయారైన తేదీ. షాపులోనో గోడౌన్‌లోనో రెండు మూడేళ్లు ఉండి మీ దగ్గరికి వచ్చి ఉండొచ్చు, బిల్లు చూసి లెక్కేస్తే తప్పుతుంది.

చెంపల ప్యాడ్లు, తల పైభాగం గుడ్డ లైనర్ బటన్లు విప్పి బయటికి తీయండి. ఈపీఎస్ మీద స్టిక్కర్ ఉంటుంది, లేదా షెల్ లోపలి వైపు, లేదా గడ్డం స్ట్రాప్‌కి కుట్టిన చిన్న గుడ్డ ట్యాగ్ మీద. అమెరికా డీఓటీ స్టాండర్డ్ అయితే తయారైన నెల, సంవత్సరం తప్పనిసరిగా ఉండాలి. కొన్నిట్లో మామూలుగా రాయకుండా ప్లాస్టిక్‌లోనే ఒక చిన్న గుండ్రటి ముద్ర ఉంటుంది, చుట్టూ 1 నుంచి 12 అంకెలు, మధ్యలో బాణం, బాణానికి అటూ ఇటూ రెండంకెలు. బాణం చూపించేది నెల, మధ్యలో ఉన్నది సంవత్సరం. అయితే ఇది ఆ ఒక్క పార్ట్ అచ్చులోంచి వచ్చిన తేదీ, మొత్తం హెల్మెట్ బిగించింది దానికి కొన్నాళ్ల తర్వాత అయ్యుండొచ్చు. వేరే తేదీ దొరక్కపోతే దీన్నే తీసుకోండి, కాస్త పాతదిగా లెక్కేసుకున్నా నష్టం లేదు.

తేదీ ఎక్కడా దొరకలేదా? కంపెనీకి మోడల్ పేరు, సీరియల్ నంబర్ పంపించి అడగండి. అప్పటికీ తెలియకపోతే, ఎప్పుడు కొన్నదీ కూడా ఎవరికీ గుర్తు లేకపోతే, నేనైతే అలాంటిది రోడ్డు మీదకి తీసుకెళ్లను.

స్టెప్ 2: ఇన్నాళ్లు అది ఎక్కడ ఉంది?

దీన్నే జనం ఎక్కువగా వదిలేస్తారు, కానీ నా దృష్టిలో సగం తీర్పు ఇక్కడే తేలిపోతుంది. హెల్మెట్ మీది కాకపోతే ఎవరిదో వాళ్లని కూర్చోబెట్టి అడగండి, మొహమాటపడొద్దు.

ముందు రసాయనాలు. పెట్రోల్, థిన్నర్, పెయింట్, నెయిల్ పాలిష్ రిమూవర్, స్ప్రే జిగుర్లు, ఇవి ఈపీఎస్‌కి ప్రాణాంతకం. చిన్న థర్మాకోల్ ముక్క మీద పెట్రోల్ చుక్క వేస్తే కళ్లముందే కరిగిపోతుంది, హెల్మెట్ లోపల ఉన్నదానికీ అదే గతి. నేరుగా ఒలకక్కర్లేదు, మూసి ఉన్న చిన్న గదిలో పెట్రోల్ క్యాన్ పక్కనే ఏళ్ల తరబడి ఉంటే ఆ ఆవిరే మంచిది కాదు. పాలీకార్బొనేట్ షెల్‌కి ఇంకో సమస్య, ఇలాంటి ద్రావకాలు తగిలితే కంటికి కనపడనంత సన్నటి పగుళ్లు లోపల్లోపలే పాకుతాయి, పైకి బాగానే ఉంటుంది, దెబ్బ తగిలిన రోజు చిట్లిపోతుంది. అందుకే హెల్మెట్‌ని షెడ్డులో పెయింట్ డబ్బాలు, పెట్రోల్ మధ్య ఉంచారని తెలిస్తే వయసు చూడక్కర్లేదు, వద్దనేస్తా.

తర్వాత వేడి. ఎండలో అద్దాలు మూసి ఆపిన కారులో డాష్‌బోర్డ్ దగ్గర 70 డిగ్రీలు దాటొచ్చు. ఈపీఎస్ సుమారు 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, అంటే మధ్యలో పెద్ద గ్యాప్ లేదు. రేకుల షెడ్డు కప్పు కింద, హీటర్ పక్కన, రోజూ ఎండ పడే కిటికీలో ఉన్నవాటిని కూడా ఇదే లెక్కలో చూడాలి. ఎండ నేరుగా పడితే వేడితోపాటు అల్ట్రావయొలెట్ కూడా, అది ప్లాస్టిక్‌నీ స్ట్రాప్‌నీ తినేస్తుంది.

తేమ. ఈపీఎస్ నీళ్లు పెద్దగా పీల్చదు కాబట్టి దానికి ఇబ్బంది తక్కువ, కానీ స్పాంజ్, జిగురు, స్ట్రాప్‌ని షెల్‌కి బిగించిన రివెట్లు దెబ్బతింటాయి. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి పెడితే సేఫ్ అనుకుంటారు, లోపల తేమ ఉండిపోతే అదే ఎక్కువ బూజు పట్టిస్తుంది.

ఇంకా ఎలుకలు, చీమలు. ఈపీఎస్‌ని ఎలుకలు కొరికేస్తాయి, చీమలు దాన్ని తొలిచి గూళ్లు పెడతాయి, బయటికి ఏమీ కనపడదు. చివరిగా దాని మీద బరువులు పెట్టారా, ఎత్తు నుంచి కింద పడిందా అని అడగండి. ఖాళీ హెల్మెట్ చేతిలోంచి జారి పడితే సాధారణంగా ఈపీఎస్ నలిగేంత జరగదు, ఎందుకంటే లోపల తల బరువు లేదు, కానీ చాలా ఎత్తు నుంచి పడినా, చాలాసార్లు పడినా, లోపల తాళాలో ఇంకేవైనా గట్టి వస్తువులో ఉండగా పడినా అనుమానించాల్సిందే. "ఎప్పుడూ వాడలేదు" అన్న మాట కూడా ఒకసారి పరీక్షించండి, లోపలి గుడ్డ వాసన, చెంపల ప్యాడ్ల మెత్తదనం, గడ్డం స్ట్రాప్ మీద మడత గుర్తులు చూస్తే వాడారో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

స్టెప్ 3: షెల్

మంచి వెలుతురులో, పగటి పూట అయితే బెటర్, తడి గుడ్డతో దుమ్ము తుడిచి అన్ని వైపులా తిప్పి చూడండి. పెయింట్ ఉబ్బడం, బుడగలు రావడం ఎక్కువ వేడి తగిలిందనడానికి గుర్తు. తెల్లగా పొడిలా రాలడం, రంగు ఒకవైపే వెలిసిపోవడం అంటే ఎండలో ఉందని. స్క్రూలు, గాలి రంధ్రాలు, వైజర్ బిగించిన చోట్ల నుంచే సన్నటి బీటలు మొదలవుతాయి, అక్కడ ఎక్కువసేపు చూడండి. తర్వాత రెండు పక్కలా అరచేతులు పెట్టి కొంచెం నొక్కండి, కిర్రుమని లోపల్నుంచి శబ్దం వస్తే లేదా ఒక చోట మాత్రమే మెత్తగా అనిపిస్తే అది పక్కన పెట్టేయాల్సిందే. ఫైబర్‌గ్లాస్ అయితే నాణెంతో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లండి, అంతా ఒకేలా టక్ టక్ మని వస్తూ ఒక చోట డొల్లగా మొద్దు శబ్దం వస్తే అక్కడ పొరలు విడిపోయాయని అనుమానం.

పైపై గీతలు సమస్య కాదు. బాక్స్‌లో రాసుకుని వచ్చిన గీతకి హెల్మెట్ పారేయక్కర్లేదు.

స్టెప్ 4: ఈపీఎస్, అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది

ప్యాడ్లన్నీ తీసేశాక నల్లగానో తెల్లగానో కనిపించేది ఇదే. కొన్ని చౌక హెల్మెట్లలో లోపలి గుడ్డ ఊడిరాదు, అప్పుడు బలవంతంగా చింపకుండా గుడ్డ మీద నుంచే వేళ్లతో తడుముతూ చూడాలి, అంత బాగా తెలియదు, కాబట్టి అలాంటివాటికి వయసు విషయంలో నేను ఇంకొంచెం కఠినంగా ఉంటా.

ఫోన్ టార్చ్ ఒక పక్క నుంచి వాలుగా వేయండి, నేరుగా వేస్తే గుంటలు కనపడవు. వెతకాల్సినవి ఇవి. బీటలు, ముఖ్యంగా గాలి రంధ్రాల అంచుల్లో. ఒక చోట పూసలు నున్నగా, మెరుస్తూ, కరిగి గట్టిపడినట్టు ఉంటే అక్కడ ద్రావకమో వేడో తగిలింది. చిన్న చిన్న రంధ్రాలు, కింద పొడి, అంటే పురుగులు. నొక్కుకుపోయిన గుంటలు, హెల్మెట్‌ని బైక్ అద్దానికో హ్యాండిల్‌కో తగిలించి పెడితే ఇలాంటివి వస్తాయి. ఫ్యాక్టరీలో అచ్చు వల్ల వచ్చే గుండ్రటి మచ్చలు, నంబర్లు ఉంటాయి, వాటిని చూసి కంగారు పడొద్దు.

బొటనవేలితో మెల్లగా నొక్కండి, గోరుతో కాదు. గట్టిగా, కొంచెం స్ప్రింగ్‌లా ఉండాలి. పూసలు విడిపోయి రాలుతుంటే అది అయిపోయినట్టే. తర్వాత ఈపీఎస్ అంచుని పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి, షెల్ లోపల అది జారుతూ తిరుగుతుంటే జిగురు వదిలేసింది, షెల్‌కీ ఈపీఎస్‌కీ మధ్య ఒక వైపు మాత్రమే కొత్తగా సందు కనిపిస్తే వేడికి కుంచించుకుపోయి ఉండొచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఊడిన ఈపీఎస్‌ని ఇంట్లో ఉన్న జిగురుతో అంటించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. చాలా జిగుర్లలో ఉండే ద్రావకాలే ఈపీఎస్‌ని కరిగించేస్తాయి, బాగుచేస్తున్నామనుకుంటూ అసలు రక్షణనే తీసేసినట్టు అవుతుంది.

లోపలి నలుగుడు అంతా కంటికి కనపడదు, ఇది నిజం. అందుకే స్టెప్ 2లో చరిత్ర అంత ముఖ్యమన్నది. కొన్ని పెద్ద కంపెనీలు హెల్మెట్ పంపిస్తే చూసి చెప్తాయి, ఖరీదైనది అయితే అడిగి చూడండి.

స్టెప్ 5: స్ట్రాప్, లాక్

డీఓటీ టెస్టులో స్ట్రాప్‌కి సుమారు 136 కేజీల బరువు 120 సెకన్లపాటు వేస్తారు. ఇంట్లో అలా చేయలేం, మనం పట్టుకోగలిగేది పైకి తెలిసే లోపాలే. హెల్మెట్‌ని మోకాళ్ల మధ్య బిగించి, లాక్ పెట్టి, స్ట్రాప్‌ని రెండు చేతుల్తో గట్టిగా, కుదుపుతో లాగండి, ఒక్కో వైపు విడిగా కూడా లాగండి. కుట్లు లేస్తున్నాయా, రివెట్ కదులుతోందా, రివెట్ చుట్టూ తుప్పు ఉందా చూడండి. స్ట్రాప్‌ని మడిచి ఆ మడత మీద నూగులా దారాలు లేస్తున్నాయా, పట్టుకుంటే అట్టలా గట్టిగా అయిపోయిందా చూడండి.

డబుల్ డీ-రింగ్ (స్ట్రాప్‌ని దూర్చి బిగించే రెండు లోహపు రింగులు) ఉంటే దాంట్లో పాడయ్యేది తక్కువ. ప్లాస్టిక్ క్లిప్ లాక్ అయితే పదిసార్లు పెట్టి తీయండి, ప్రతిసారీ స్పష్టంగా క్లిక్ మనాలి, బటన్ నొక్కకుండా లాగితే రాకూడదు. ఒక్కసారి జారినా సరే, అది ఫెయిల్. స్ట్రాప్ విషయంలో "ఇంకోసారి చూద్దాం" అనేదే ఉండకూడదు.

స్టెప్ 6: వైజర్, రబ్బర్లు, ప్యాడ్లు

ఇవి మార్చుకోగలిగినవి కాబట్టి త్వరగా ముగిద్దాం. వైజర్ పసుపు పట్టినా, కోటింగ్ పొరలుగా లేచినా, రాత్రి పూట ఎదురు లైట్లు చెదిరి కనిపించినా కొత్తది వేయండి. రబ్బరు అంచు ఎండిపోయి ఉంటే గాలి, వాన లోపలికి వస్తాయి. ప్యాడ్ స్పాంజ్‌ని నొక్కి వదలండి, వెంటనే లేవాలి, జిగటగా అంటుకున్నా పొడి రాలినా దాని పని అయిపోయింది, ఆ మోడల్‌కి ప్యాడ్లు విడిగా దొరికితే మార్చొచ్చు, దొరక్కపోతే ఏదో ఒక స్పాంజ్ కోసి అంటించొద్దు, ఫిట్టింగ్ పోతుంది. హెల్మెట్‌లో పాత బ్లూటూత్ ఇంటర్‌కామ్ అలాగే ఉండిపోయిందా? ముందు అది తీసేయండి, ఏళ్ల తరబడి ఛార్జ్ లేకుండా ఉన్న లిథియం బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు.

స్టెప్ 7: ఏ స్టాండర్డ్, అసలుదేనా?

ఈసీఈ ట్యాగ్ స్ట్రాప్‌కి కుట్టి ఉంటుంది, వృత్తంలో ఇంగ్లీష్ 'E' అక్షరం, దాని పక్కన దేశం నంబర్, దాని దగ్గరే అప్రూవల్ నంబర్. అది 05తో మొదలైతే పాత ఈసీఈ 22.05 స్టాండర్డ్, 06తో మొదలైతే దాని తర్వాతి 22.06. ఈ రెండోది 2021లో అమల్లోకి వచ్చింది, వేర్వేరు వేగాల్లో దెబ్బలు, ఏటవాలుగా తగిలే దెబ్బకి తల ఎంత తిరుగుతుందో చూసే టెస్టులు ఇందులో కలిశాయి. డీఓటీ లేబుల్ 2013 నుంచి మారింది, కంపెనీ పేరు, మోడల్, ఎఫ్ఎంవీఎస్ఎస్ నంబర్ 218, సర్టిఫైడ్ అని ఉండాలి. ఐఎస్‌ఐ అయితే గుర్తు పైన ఐఎస్ 4151, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉంటాయి. నంబర్లేమీ లేకుండా ఉత్త గుర్తు స్టిక్కర్ మాత్రమే ఉంటే అది పాతదైనా కొత్తదైనా నమ్మొద్దు.

పాత స్టాండర్డ్ అంటే పనికిరానిది అని కాదు. కానీ పదేళ్ల కిందటి మంచి హెల్మెట్ కన్నా ఇప్పటి మంచి హెల్మెట్ ఎక్కువ రకాల దెబ్బలకి పరీక్షించబడింది, స్నెల్ వాళ్లు చెప్పిన ఆఖరి కారణం ఇదే, వాడని హెల్మెట్‌కి కూడా ఇది పూర్తిగా వర్తిస్తుంది.

స్టెప్ 8: ఇప్పుడు మీ తలకి సరిపోతుందా?

ఒకప్పుడు కొన్నప్పటి తల, జుట్టు ఇప్పుడు లేకపోవచ్చు, పిల్లలదైతే ఖచ్చితంగా ఉండదు. కనుబొమ్మల పైన రెండున్నర సెంటీమీటర్ల దగ్గర టేపు చుట్టి కొలవండి, సైజ్ చార్ట్‌తో పోల్చండి. పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పితే చెంపల చర్మం హెల్మెట్‌తోపాటు కదలాలి. స్ట్రాప్ బిగించి, వెనక కింది అంచుని పట్టుకుని పైకి ముందుకి తోయండి, ఊడొస్తే ఆ హెల్మెట్ మీకు కాదు. అరగంట పెట్టుకుని కూర్చోండి, నుదుటి మీద ఒకే చోట నొప్పి పుడితే ఆకారం సరిపోలేదని అర్థం.

ఇక నిర్ణయం

అన్ని స్టెప్పులూ పాసయ్యాయి అనుకుని చెప్తున్నా, ఒక్కటి ఫెయిలైనా కింద చెప్పిన వయసులు లెక్కలోకి రావు, ప్యాడ్లు, వైజర్, రబ్బర్లు మాత్రం మినహాయింపు.

తయారై ఐదేళ్ల లోపు, ఇంట్లో చల్లగా పొడిగా ఉంది అంటే నిశ్చింతగా పెట్టుకోండి. ఐదు నుంచి ఏడు మధ్యలో ఉంటే కూడా నేను పెట్టుకుంటా, కాకపోతే ఏడో ఏడు వచ్చేలోపు కొత్తదానికి డబ్బు పక్కన పెట్టుకుంటా. ఏడు నుంచి పది మధ్య ఉన్నవాటి దగ్గరే అసలు గందరగోళం, ఫోమ్ బాగుండే అవకాశం ఎక్కువే, కానీ జిగుర్లు, స్ట్రాప్ గురించి నాకు నమ్మకం ఉండదు, పైగా కంపెనీ చెప్పిన హద్దు దాటేసింది. రోజూ వాడకానికి, హైవేకి వద్దు. కొత్తది వచ్చేదాకా కొన్నాళ్లు గడపడానికి మాత్రమే. పదేళ్లు దాటితే బాక్స్ సీల్ తీయనిదైనా వద్దు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

అయితే ఒకటి, పాత హెల్మెట్ అనుమానంగా ఉందని అసలు హెల్మెట్ లేకుండా బండి తీయడం మాత్రం చేయొద్దు. వైద్య పరిశోధనల్ని కలిపి విశ్లేషించే కోక్రేన్ సంస్థ 2008 సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో మరణం ముప్పు సుమారు 42%, తలకి గాయం అయ్యే ముప్పు సుమారు 69% తగ్గాయి. ఎనిమిదేళ్ల హెల్మెట్‌కీ కొత్త హెల్మెట్‌కీ మధ్య తేడా ఉండొచ్చు, కానీ ఎనిమిదేళ్ల హెల్మెట్‌కీ ఒట్టి తలకీ మధ్య ఉన్న తేడా దానికన్నా చాలా పెద్దది.

పాసైతే, ఫెయిలైతే

పాసైన హెల్మెట్‌ని గోరువెచ్చని నీళ్లు, కొంచెం బేబీ షాంపూతో మాత్రమే కడగండి, ప్యాడ్లు విడిగా ఉతికి నీడలో ఆరబెట్టండి, హెయిర్ డ్రయ్యర్ వద్దు. గ్లాస్ క్లీనర్లు, పెట్రోల్‌తో స్టిక్కర్ జిగురు తుడవడం, రంగు వేయించడం ఏవీ వద్దు. మొదటి రోజు రాసి పెట్టుకోండి, లోపల ప్యాడ్ కింద చిన్న కాగితం మీద అయినా సరే, ఎందుకంటే ఐదేళ్ల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది, ఏడేళ్ల లెక్క మాత్రం అప్పటికే నడుస్తోంది. మొదటి నెల వారానికోసారి స్ట్రాప్ కుట్లు, ఈపీఎస్ కదలిక చూస్తుండండి, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న జిగుర్లు వదిలేవైతే ఎండ, కుదుపులు తగలడం మొదలయ్యాకే బయటపడతాయి.

ఫెయిలైనదాన్ని ఎవరికీ దానం చేయకండి, అమ్మకండి. మనకి పనికిరానిది ఇంకొకరి తలకి ఎలా పనికొస్తుంది? స్ట్రాప్ రెండు వైపులా కత్తిరించి, షెల్ మీద చెరగని మార్కర్‌తో "వాడకూడదు" అని పెద్దగా రాసి అప్పుడు పారేయండి, లేకపోతే చెత్తలోంచి ఎవరో తీసుకుని తుడిచి పెట్టుకునే ప్రమాదం ఉంది.

కొత్తది కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. భారీ డిస్కౌంట్‌లో వచ్చే పాత స్టాక్ చాలాసార్లు మంచి బేరమే, కానీ డబ్బు ఇచ్చేముందు చెంప ప్యాడ్ తీసి తేదీ చూడండి, ఆన్‌లైన్ అయితే తేదీ ఫొటో పంపమని అడగండి. తయారై మూడేళ్లు అయిపోయిందంటే ఏడేళ్ల లెక్కలో మీకు మిగిలేది నాలుగేళ్లే, ధర కూడా ఆ మేరకు తగ్గితేనే తీసుకోండి. ఇంకో హెల్మెట్ ఎక్స్‌ట్రాగా కొని దాచాలనుకుంటే మాత్రం నా సలహా వద్దనే, అవసరం వచ్చినప్పుడే కొనండి. ఇంట్లో తప్పనిసరిగా దాచాల్సి వస్తే దానితో వచ్చిన గుడ్డ సంచిలో, బాక్స్‌లో సిలికా జెల్ ప్యాకెట్‌తో, మనుషులు తిరిగే గదిలో, మీద ఏ బరువూ పెట్టకుండా ఉంచి, బాక్స్ మీద తయారీ నెల, సంవత్సరం పెద్ద అక్షరాలతో రాసేయండి.